లారీ డాలా మీంచి పడిన కళాసీ: "మెట్ల మీద జారాడని చెప్పండి" అంటున్న యజమానికి ఏం చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ: చీపురుపల్లి దగ్గర రైస్ మిల్లులో కళాసీగా (బస్తాలు ఎత్తి దించే కూలీగా) చేస్తున్న మీ బావ (40 ఏళ్ళు), నిన్న సాయంత్రం కాటా వేయించుకుని గోడౌన్‌కి తిరిగొస్తున్న లారీ వెనక డాలా (వెనక తలుపు పలక) మీద నిలబడి వస్తూ, పంచాయతీ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ దగ్గర పడిపోయాడు. తల వెనక దెబ్బ, తుంటి దగ్గర ఎముక విరిగింది. విజయనగరంలో ఆసుపత్రిలో ఉన్నాడు. "ఇంటి మెట్ల మీద జారాడని చెప్పండి, ఖర్చంతా నేను చూసుకుంటా" అని యజమాని అంటున్నాడు. మేస్త్రీ కింద బస్తాకింత అని కూలి, మిల్లు రికార్డుల్లో పేరు లేదు. పరిహారం వస్తుందా? అలాగే మీ అమ్మగారు ఉభాలకి (వరినాట్లకి) ట్రాక్టర్ ట్రాలీలో వెళ్తారు, వాళ్ళ సంగతేంటి?

ముందు మొదటిదానికి జవాబు. మెట్ల కథ చెప్పకండి. ఒకవేళ ఇప్పటికే చెప్పి ఉంటే ఇవాళే సరిచేయించండి. మిగతావన్నీ వారం తర్వాత చేసుకున్నా నడుస్తుంది, ఇదొక్కటీ ఆగదు.

ఎందుకంటే, ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు "ఎలా తగిలింది?" అని అడిగి కేస్‌షీట్‌లో ఒక లైను రాస్తారు. అది ప్రమాదం జరిగిన కొద్ది గంటల్లో, పరిహారం గురించి ఎవరికీ ఆలోచన లేనప్పుడు రాసిన మాట. అందుకే రేపు పరిహారం తేల్చే కార్మిక శాఖ కమిషనర్ దగ్గరైనా మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లోనైనా దానికున్న బరువు తర్వాత ఇచ్చే పది అఫిడవిట్లకి ఉండదు. బీమా కంపెనీ వకీలు మొట్టమొదట తెప్పించేది ఆ కాగితమే. అందులో "మెట్ల మీద నుంచి పడ్డాడు" అని ఉంటే, లారీ నంబరు, సాక్షులు, ఎఫ్‌ఐఆర్ అన్నీ "తర్వాత అల్లినవి" అయిపోతాయి. యజమాని ఖర్చు పెడతానన్నది నిజమే కావచ్చు, మంచివాడే కావచ్చు. కానీ తుంటి ఆపరేషన్ బిల్లు కట్టాక, ఏడాది తర్వాత మీ బావ బస్తా ఎత్తలేకపోతే అప్పటి సంగతి ఆ మాటలో లేదు.

సరిచేయించడం ఇలా. కేస్‌షీట్‌లో రాసింది కొట్టేయమని అడగకండి, డాక్టరు చేయరు, చేస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. మీ బావ మాట్లాడగలిగితే ఆయన చేత, లేకపోతే మీరే, తెల్లకాగితం మీద రాయండి: ఏ తేదీన, సుమారు ఎన్ని గంటలకి, ఏ ఊరి దగ్గర, ఏ నంబరు లారీ, ఏ పని మీద ఎక్కాడు, ఎలా పడ్డాడు, మొదట వేరేగా ఎందుకు చెప్పాల్సి వచ్చింది. దాన్ని డ్యూటీ మెడికల్ ఆఫీసరుకి ఇచ్చి, అదనపు వివరంగా కేస్‌షీట్‌కి జతచేసి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి తెలియజేసే కేసుగా) నమోదు చేయమని అడగండి. ఒక కాపీ మీద స్వీకరించినట్టు సంతకం, టైము వేయించుకోండి. ఆసుపత్రిలో పోలీసు ఔట్‌పోస్టు ఉంటే అక్కడా అదే మాట చెప్పండి. వాళ్ళు ప్రమాదం జరిగిన చోటి స్టేషన్‌కి పంపుతారు. మా పరిధి కాదంటే, పరిధితో పనిలేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ రాసే వీలు చట్టంలో ఉంది.

డ్రైవరు మీ ఊరి కుర్రాడే అయితే వాడి మీద కేసు పెట్టాలా అని ఇంట్లో తర్జనభర్జన మొదలవుతుంది. అది వేరే ప్రశ్న. కార్మిక శాఖ దగ్గర పరిహారానికి డ్రైవరు తప్పు చేశాడని నిరూపించక్కర్లేదు. ప్రమాదం ఫలానా పనిలో, ఫలానా బండి మీంచి జరిగిందని ఉంటే చాలు. ఉన్నదున్నట్టు చెప్పండి, నిర్లక్ష్యం ఉందా లేదా అన్నది పోలీసులు తేల్చుకుంటారు.

ఇప్పుడు ఆయన ఒంటి సంగతి. డాలా మీంచి వెనక్కి పడితే తల వెనక భాగం ముందు తగలొచ్చు. మొదటి స్కాన్ బాగుందని ధీమా పడకండి. లోపల రక్తం నెమ్మదిగా గూడుకట్టడానికి గంటలు పట్టొచ్చు, ఆలోపు మనిషి మామూలుగానే మాట్లాడతాడు. ఆగకుండా వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, లేపినా మత్తుగా ఉండడం, ఒక కంటి పాప పెద్దదవడం, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్ళలాంటిది కారడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం: ఇందులో ఏ ఒక్కటి కనిపించినా నర్సు వచ్చేదాకా ఆగకుండా బేగి వెళ్ళి పిలవండి. ఆయన గుండెకి ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ మాట డాక్టరుకి ఇప్పుడే చెప్పండి. ఇంకో మాట: సాయంత్రం పూట పడిన కళాసీని చూసి "తాగి పడ్డాడులే, పడుకోనివ్వండి" అనడం మన దగ్గర మామూలు. తాగి ఉన్నా సరే, తలకి దెబ్బ తగిలి మత్తుగా ఉంటే అది దెబ్బ మత్తే అనుకోవాలి, స్కాన్ అయ్యేదాకా.

తుంటి, కటి ఎముకలు విరిగితే బయటికి చుక్క కనపడకుండా లోపల లీటర్ల కొద్దీ రక్తం పోవచ్చు. మూత్రంలో ఎరుపు కనిపించినా, మూత్రం అసలు రాకపోయినా చెప్పండి. మంచం మీద కదలకుండా ఉన్నన్నాళ్ళూ పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అది దాని గుర్తు కావచ్చు. పక్కకి తిప్పడం, కూర్చోబెట్టడం డాక్టరు చెప్పినప్పుడే చేయండి.

ఖర్చు గురించి: వైద్య సేవ కార్డు వాడుకుంటే పరిహారం పోతుందని ఎవరో ఒకరు చెప్తారు, అది అబద్ధం. రోడ్డు మీద మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదానికి కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం కూడా ఉంది, మనిషికి లక్షన్నర రూపాయల దాకా, 7 రోజులు. దానికి పోలీసు ధ్రువీకరణ కావాలి, అంటే మెట్ల కథ అక్కడా అడ్డం వస్తుంది. ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో అడగండి.

సాక్ష్యాలు ఈ రెండు మూడు రోజుల్లోనే దొరుకుతాయి, తర్వాత మాయమైపోతాయి. అన్నిటికన్నా విలువైనది కాటా చీటీ. దాని మీద లారీ నంబరు, తేదీ, టైము, బరువు అచ్చుపడి ఉంటాయి. ఆ టైముకి ఆ బండి ఆ దారిలో ఉందని మిల్లు వాళ్ళు కూడా కాదనలేరు. కాటా దగ్గర సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ ఎన్ని రోజులుంటుందో అడిగి, చెరిగిపోకముందే తీయించమని పోలీసులకి రాసివ్వండి. స్పీడ్ బ్రేకర్, లారీ వెనక భాగం, డాలా గొలుసులు, కొక్కేలు ఫోటోలు తీయండి. కొక్కెం విరిగి ఉన్నా, పిన్ను బదులు మేకో కట్టుడు తీగో ఉన్నా దగ్గర్నుంచి తీయండి. లారీ ఆర్‌సీ, బీమా పాలసీ ఫోటో కావాలి. పాలసీలో "పెయిడ్ డ్రైవర్, క్లీనర్, కూలీలు" అన్న లైను కింద ఎంతమందికి ప్రీమియం కట్టారో చూడండి. తోటి కళాసీల్లో ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి. వాళ్ళకి రేపు అదే మిల్లులో పని కావాలి, అందుకని ఒత్తిడి చేయకుండా, జరిగింది జరిగినట్టు చెప్తే చాలని చెప్పండి.

రికార్డుల్లో పేరు లేకపోవడం మీరనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. రోజు కూలీకి ఉద్యోగుల పరిహార చట్టం వర్తించదు అనే వాదన 2000 నాటి సవరణతోనే పోయింది. మేస్త్రీ ద్వారా పెట్టుకున్నా, పని మిల్లుదైతే ముందు మిల్లు యజమానే కట్టాలి, తర్వాత కావాలంటే మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు. దరఖాస్తులో ఇద్దరినీ, లారీ ఓనరునీ, బీమా కంపెనీనీ ప్రతివాదులుగా పెట్టండి. ఒకరిని వదిలేస్తే మిగతావాళ్ళు నింద వాళ్ళ మీదకే తోస్తారు. కూలికి రుజువు కావాలంటే మేస్త్రీ చిట్టా పుస్తకం, ఫోన్‌పేలో వారం వారం పడిన డబ్బు, బస్తా రేటు గురించి తోటివాళ్ళ మాట సరిపోతాయి. అయితే మిల్లుకి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉండి మీ బావ అందులో ఉంటే దారి వేరు: పరిహారం ఈఎస్ఐ నుంచే వస్తుంది, కమిషనర్ దగ్గరికి వెళ్ళడానికి లేదు. ముందు అది కనుక్కోండి.

ఎక్కడ వేయాలి? రెండు దారులున్నాయి, ఒకటే ఎంచుకోవాలి. మొదటిది జిల్లా కేంద్రంలో కార్మిక శాఖ అధికారి దగ్గర, ఉద్యోగుల పరిహారం కింద. గడువు 2 ఏళ్ళు. ఇన్నాళ్ళూ ఇది 1923 చట్టం కింద నడిచేది. 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తేదీ తర్వాతి ప్రమాదాలు దాని కిందికి వస్తాయి. లెక్క పద్ధతి పాతదే. రెండోది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. దానికి చట్టంలో గడువు 6 నెలలు.

మీ బావ విషయంలో నా ఓటు మొదటిదానికే. ట్రిబ్యునల్‌లో జీతం మీద పరిమితి లేదు, నొప్పికీ బాధకీ వేరే ఇస్తారు, నిజమే. కానీ అక్కడ డ్రైవరు నిర్లక్ష్యం నిరూపించాలి, పైగా "డాలా మీద ఎందుకు నిలబడ్డాడు, అది చట్టవిరుద్ధం కదా" అని ఆయన వంతు తప్పు కింద కోత పెడతారు. బండి బాడీ బయట మనిషిని నిలబెట్టి తీసుకెళ్ళడం మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ ప్రకారం నిషేధం, ఆ వాదన బలమైనదే. కార్మిక శాఖ దగ్గర అలాంటి కోత లేదు. మందు తాగి పడ్డాడనో, ఎక్కొద్దని స్పష్టంగా చెప్పినా కావాలని ఎక్కాడనో యజమాని నిరూపిస్తే తప్ప తప్పించుకోలేడు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం కేసుల్లో ఆ సాకు కూడా పనికిరాదు. రోజూ కళాసీలంతా డాలా మీదే వస్తుంటే, యజమాని కళ్ళ ముందే వస్తుంటే, "వద్దన్నాను" అన్నది నిలబడ్డం కష్టం.

అంకెలు చూద్దాం. 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం లెక్కలోకి తీసుకునే నెల వేతనం గరిష్ఠంగా 15,000. ఆయన అంతకన్నా ఎక్కువ సంపాదించినా 15,000 దగ్గరే ఆగుతుంది. 40 ఏళ్ళ వయసుకి పట్టికలో గుణకం 184.17. శాశ్వత పూర్తి వైకల్యానికి వేతనంలో 60 శాతం, అంటే 9,000 గుణించు 184.17, మొత్తం 16,57,530 రూపాయలు. పాక్షికమైతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో అంత భాగం: 30 శాతం అంటే 4,97,259. పనికి వెళ్ళలేని రోజులకి పదిహేను రోజులకోసారి వేతనంలో 25 శాతం, అంటే 3,750. దీనికి మొదటి 3 రోజులు వదిలేస్తారు, కానీ 28 రోజులు గానీ అంతకు మించి గానీ మంచాన పడితే మొదటి రోజు నుంచీ లెక్క. వైద్యానికి అయిన అసలు ఖర్చు వేరే. యజమాని ఆసుపత్రికి కట్టిన డబ్బుని పరిహారంలో తీసేయడానికి లేదు. ఆలస్యం చేస్తే వడ్డీ, కారణం లేకుండా ఎగవేస్తే 50 శాతం దాకా జరిమానా అదనం.

ఈ లెక్కలో గొడవంతా ఆ శాతం దగ్గరే. మెడికల్ బోర్డు ఇచ్చే సర్టిఫికెట్‌లో "కుడి కాలికి 25 శాతం" అని ఉంటుంది. అది కాలి వైకల్యం. సంపాదించే శక్తి నష్టం వేరు. కుర్చీలో కూర్చునే గుమస్తాకి ఆ కాలు పెద్ద నష్టం కాకపోవచ్చు, 50 కిలోల బస్తా భుజాన వేసుకుని చెక్క మీద నడిచే మనిషికి అదే మొత్తం బతుకుతెరువు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో (1976) ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం నష్టం కింద లెక్కకట్టింది, వడ్రంగం ఒంటి చేత్తో చేయలేడు కాబట్టి. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన చేసే పని ఏమిటో, ఎంత బరువు, ఎంత ఎత్తు, రోజుకి ఎన్ని బస్తాలో చెప్పి, అది సర్టిఫికెట్‌లో రాయమని అడగండి. చాలామంది ఈ మాట అడగక లక్షలు పోగొట్టుకుంటారు.

స్టాంపు కాగితం మీద "ఇంత తీసుకున్నాం, ఇక ఏ హక్కూ లేదు" అని రాయించుకుంటానంటే సంతకం పెట్టొద్దు. అలాంటి ఒప్పందం చట్టం ముందు చెల్లదు, కానీ దాన్ని చెల్లనిదని తేల్చడానికి మళ్ళీ ఏడాది తిరగాలి. రాజీ నిజంగా కావాలనుకుంటే కమిషనర్ దగ్గరే నమోదు చేయించుకోండి. వకీలు ఫీజుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఇక మిల్లు వాళ్ళతో సామరస్యంగా మాట్లాడే సందర్భం వస్తే ఈ సంగతులు వాళ్ళకీ చెప్పండి, మిగతా కళాసీలు అదే డాలా మీద ఇవాళ కూడా వస్తుంటారు కాబట్టి. గంటకి 20 కిలోమీటర్ల వేగంలో నేలకి తగలడం అంటే, వేగం ఒక్కటే లెక్కేస్తే, దాదాపు 1.6 మీటర్ల ఎత్తు నుంచి పడ్డంతో సమానం. 30 అయితే మూడున్నర మీటర్లు. డాలా ఎత్తు దీనికి అదనం. వెనక ఇరుసుకి అవతల ఎంత దూరాన నిలబడితే స్పీడ్ బ్రేకర్ దగ్గర అంత ఎగదన్నుతుంది. సరుకు దించేసిన ఖాళీ లారీకి కమాన్‌పట్టీలు బిగుసుగా ఉంటాయి, అది లోడు బండికన్నా గట్టిగా తంతుంది. తవుడు దుమ్ము, చెమట, హవాయి చెప్పులు, పట్టుకోవడానికి ఒక్క గొలుసు: ఇవి తోడైతే చేతి బలం ఎంతున్నా నిలవదు.

కాబట్టి చక్రం తిరుగుతుంటే కేబిన్ బయట ఎవరూ ఉండకూడదు, కేబిన్‌లో కూడా ఆర్‌సీలో రాసినంతమందే. గోడౌన్ మూడు నాలుగు వందల మీటర్లయితే నడిచి రావాలి, ఐదు నిమిషాల పని. రివర్స్ చూపించేవాడు ఫుట్‌బోర్డు మీద వేలాడకుండా నేల మీద, డ్రైవరు అద్దంలో కనపడే చోట నిలబడాలి. మనిషి అద్దంలో కనపడకపోతే బండి ఆగాలి. లోడు మీద పరదా కప్పేటప్పుడు, మోకు బిగించేటప్పుడు చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకి దిమ్మ అడ్డుపెట్టి, బండి తాళం పైకెక్కిన మనిషి జేబులో ఉండాలి. పైన మనిషి ఉన్న సంగతి మరిచి కాస్త ముందుకి జరిపిన బండి మీంచి పడినవాళ్ళు తక్కువేం కాదు. పాత మోకుని వెనక్కి వాలి లాగితే అది తెగిందంటే మనిషి నేరుగా కిందికే, అందుకని రాచెట్ బెల్టులు వాడడం మేలు.

మీ అమ్మగారి సంగతి ఇంకా చిక్కు. ట్రాక్టర్‌కి సీటు డ్రైవరుకి ఒక్కటే. మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్ళకి బీమా రాదని కంపెనీలు గట్టిగా వాదిస్తాయి, చాలాసార్లు గెలుస్తాయి కూడా. అక్కడ కూర్చోవడం ప్రాణానికీ అన్నిటికన్నా చెడ్డ చోటు: 15 కిలోమీటర్ల వేగంలో జారితే వెనకున్న ట్రాలీ చక్రం ఒక సెకను లోపే మీదికొస్తుంది, డ్రైవరు కాలు బ్రేకు మీద పడేసరికే అయిపోతుంది. ట్రాలీ సరుకు బండి, మనుషుల్ని ఎక్కించడానికి అనుమతి లేదు. ట్రాలీకి వేరే నంబరు, పాలసీలో దాని ప్రస్తావన లేకపోతే బీమా కంపెనీ తప్పుకుంటుంది, అప్పుడు బాధ్యత పొలం రైతు మీదా ట్రాక్టర్ ఓనరు మీదా పడుతుంది. వాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఏముంటుందో మీకు తెలియనిది కాదు. పని కోసం ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు జరిగే ప్రమాదాన్ని కూడా కొత్త కోడ్ పనిలో భాగంగానే చూస్తుంది, ఆ దారికి పనికీ సంబంధం ఉందని చూపగలిగితే. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆటోలో వెళ్ళగలిగితే అదే మంచిది, అదీ సీట్లకి సరిపడా మందితో. అది కుదరక ట్రాలీ ఎక్కక తప్పని రోజున చూసుకోవాల్సినవి: వెనక తలుపుకి రెండు వైపులా పిన్నులు పడ్డాయా, ట్రాలీ కలిపే పిన్నుకి కింద క్లిప్పు ఉందా, సేఫ్టీ చైన్ ఉందా, అంచు మీద కాకుండా అందరూ అడుగున కూర్చున్నారా. డ్రైవరుని ఒక్క ప్రశ్న అడగండి: కుడి ఎడమ బ్రేకు పెడళ్ళని కలిపే గడియ వేశావా? పొలంలో మలుపు తిప్పడానికి ఆ గడియ తీసి, రోడ్డెక్కాక వేయడం మరిచిపోతారు. అప్పుడు ఒక్క పెడల్ తొక్కితే ఒక చక్రమే ఆగి ట్రాక్టర్ పక్కకి తిరిగి గెడ్డలో పడుతుంది.

మీ అమ్మగారికీ బావకీ బ్యాంకు ఖాతా ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళకి, ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో మరణానికీ పూర్తి వైకల్యానికీ 2 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి లక్ష. బావ ఇదివరకే చేరి ఉన్నాడేమో పాస్‌బుక్‌లో చూడండి, మే నెలాఖరు దగ్గర 20 రూపాయల కోత కనిపిస్తుంది. అది ఉంటే బ్యాంకుకి సమాచారం ఈ నెలలోపే ఇవ్వండి. ఆ సమయానికి ఖాతాలో 20 రూపాయలు లేక పాలసీ ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు, పాతదే నడుస్తోందనుకోకుండా ఈ ఏడాది కోత పడిందో లేదో చూసుకోండి.